హాజరు పట్టీలో కర్టిస్

మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆవిడ ముప్పై ఏళ్లుగా నర్సు. ఎవరి చావు కబురైనా తడబడకుండా చెప్పడం అలవాటైన గొంతు ఆవిడది. "మాస్టారు వెళ్లిపోయారమ్మా. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు," అన్నారు. కప్పు సంగతి దగ్గరకొచ్చేసరికి ఆ గొంతు కూడా వణికింది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. తెలియాల్సినంత పెద్ద పదవుల్లోనూ లేరు. తెనాలి దగ్గర హైస్కూల్లో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి, డెబ్బైల చివర భార్య ఉద్యోగం వెంట టెక్సస్ వచ్చారు. ఇక్కడ ఆయన బి.ఇడి. ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇర్వింగ్‌లో ఒక గోడౌన్‌లో మేకులూ మరలూ ఉండే పెట్టెల లెక్క చూసే పని దొరికితే, దానికి కూడా టై కట్టుకునే వెళ్లేవారు. ఆదివారం మాత్రం మళ్లీ మాస్టారే. అద్దె హాల్లో జరిగే మా తెలుగు ఆరాధనలో సండే స్కూలు ఆయన చూసేవారు, నేను సాయం చేసేదాన్ని. ఉన్నది పదమూడు మంది పిల్లలు. ఈ మాత్రానికి హాజరు పట్టీ ఎందుకని నవ్వేదాన్ని.

"వచ్చినవాడు ఎలాగూ కనపడతాడమ్మాయ్. రానివాడు కనపడాలంటేనే హాజరు కావాలి," అనేవారు.

పిక్నిక్‌కి వెళ్తే వ్యాను కదిలేముందు రెండుసార్లు తలలు లెక్కపెట్టేవారు. ఒకసారి తనను తాను లెక్కపెట్టుకోవడం మరిచిపోయి, ఒకరు తక్కువయ్యారని మా అందరిచేతా పార్కంతా వెతికించారు. ఆ ముచ్చట చెప్పి ఆయన్ని ఎన్నేళ్లు ఏడిపించామో!

పట్టీలో పేర్లు అక్షరక్రమంలో ఉండి తీరాలి. ఎందుకో ఒక్కసారే చెప్పారు. ఆయన చదువుకున్న బడిలో మాలపల్లె పిల్లల పేర్లు ఏ అక్షరంతో మొదలైనా సరే, ఆఖరునే రాసేవారట. తాను మాస్టారై పట్టీ చేతికొచ్చిన రోజున ఆ పేర్లను తీసుకొచ్చి వాటి చోట్లలో పెట్టారు.

మా పట్టీలో ఎస్తేరుకీ గ్రేస్‌కీ మధ్య కర్టిస్ అని ఒక పేరుండేది. ఆ పేరుగలవాడు ఏ ఆదివారమూ రాలేదు. మాస్టారు ఆ పేరు పిలిచి, కాసేపు ఆగి, "ఉన్నాడు" అని తానే పలికి టిక్కు పెట్టేవారు. పిల్లలకి అది అలవాటైపోయింది. అదేమిటని అడగడానికి నాకు ఏడాది పట్టింది.

పౌరసత్వం వచ్చిన కొద్దికాలానికే ఆయనకు జూరీ పిలుపు వచ్చిందట. ఇక్కడ పెద్ద నేరమైతే పన్నెండు మంది మామూలు మనుషులు కూర్చుని తీర్పు చెప్పాలి. మా రాష్ట్రంలో మనిషి ప్రాణం ఉంచాలా తీయాలా అన్నది కూడా వాళ్ల జవాబుల మీదే ఉంటుంది. దుకాణంలో పనిచేసే ఒక తెల్ల అమ్మాయిని దొంగతనానికి వచ్చిన నల్ల కుర్రాడు కాల్చి చంపిన కేసది. ఆ కుర్రాడే కర్టిస్.

మొదటిరోజు పిలిచిన వాళ్లందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. మాస్టారి కళ్లు ఊరుకుంటాయా? ఊసుపోక, సమన్ల కవరు వెనక గళ్లు గీసి ఎవరెక్కడ కూర్చున్నారో గుర్తులు పెట్టుకున్నారు. అందులో నల్లవాళ్లు ఎనిమిది మంది. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, అవసరమైతే మరణశిక్షకు ఒప్పుకోగలరా అని అడిగారు. అధికారి అడిగితే కాదనడం ఈయనకు చేతకాదు. పైగా కాదంటే కొత్తగా ఇచ్చిన కాగితం వెనక్కి లాక్కుంటారేమోనని భయం. "యెస్ సర్" అన్నారు. రెండు వారాలు పోయాక జూరీ కుర్చీల్లో చూసుకుంటే పదకొండు మంది తెల్లవాళ్లు, ఈయన.

"ఎనిమిదీ ఆబ్సెంటే అమ్మాయ్. అన్నేళ్లు హాజరు వేసినవాణ్ణి, నాకు కనపడదా? కనపడింది. ఏమయ్యారని అడగలేదు. వాళ్లని పంపించి నన్ను ఉంచుకున్నారు గదా అని లోపల కాస్త గర్వం కూడా," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ కుర్రాడు చంపలేదని ఆయన ఏనాడూ అనలేదు. చచ్చిపోయిన అమ్మాయి తల్లి ముందు వరసలో కూర్చుని రుమాలు మడిచి విప్పి, విప్పి మడిచి చేయడం ఆయనకి చివరిదాకా గుర్తుంది. కర్టిస్ కొత్త చొక్కా మీద మడత గీతలు పోకపోవడమూ గుర్తుంది. ఆఖరురోజున మరణశిక్ష ఖాయమయ్యాక, ఒక్కొక్క జూరర్‌నీ పేరుపెట్టి పిలిచి, ఇది నీ తీర్పేనా అని అడిగారట. అచ్చం బళ్లో పిలిచినట్టే. తన పేరు వచ్చినప్పుడు మాస్టారు మళ్లీ "యెస్ సర్" అన్నారు.

మరుసటి ఏడాది వాళ్ల గోడౌన్‌లో లారీ నడిపే నల్లాయనను ఒక తెల్లవాడు చంపాడు. అదే కోర్టు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు. కొన్నేళ్ల జైలుతో సరిపోయింది. అక్కడ మరణశిక్ష అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఆ వార్త చదివిన ఆదివారమే మాస్టారు మా పట్టీలో కర్టిస్ పేరు రాశారు.

తర్వాత కొంతకాలానికి, చర్మం రంగు చూసి జూరీలోంచి తీసేయకూడదని ఈ దేశపు అన్నిటికన్నా పెద్ద కోర్టు గట్టిగా చెప్పింది. కర్టిస్ తరఫు లాయరమ్మ పాత జూరర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మాస్టారి దగ్గర ఆ కవరు ఇంకా భద్రంగా ఉంది. ఆయనకు కారు నడపడం రాదు. డాలస్ దాకా తీసుకెళ్తావా అని నన్ను అడిగారు.

"మనకెందుకండీ మాస్టారూ ఈ గొడవ? నా గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది. కోర్టులో నా పేరు కూడా వస్తే?" అన్నాను.

ఆయన పేరు పక్కన నా పేరు ఎవరు రాస్తారు? అది సాకు. అసలు సంగతేమిటంటే, మన దేశం నుంచి కొత్తగా ఎవరొచ్చినా "ఆ ఏరియాలో అపార్ట్‌మెంట్ తీసుకోకండి, బ్లాక్స్ ఉంటారు" అని జాగ్రత్తలు చెప్పేవాళ్లలో నేనూ ఉన్నాను. మాస్టారు "సరేలేమ్మా" అని, జూలై ఎండలో టై కట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లొచ్చారు.

వాంగ్మూలం మీద సంతకానికి రెండోసారి వెళ్లాల్సి వచ్చినప్పుడు సిగ్గేసి నేనే తీసుకెళ్లాను. చూసింది మాత్రం రాస్తే చాలంది లాయరమ్మ. తాను అడగవలసింది అడగలేదని కూడా రాస్తానని ఈయన పట్టు. దాని అవసరం లేదండీ అంటే వినరే! "తప్పిన లెక్కకి అడ్డగీత కొట్టాలి గాని, రబ్బరుతో చెరపకూడదు. ఎక్కడ తప్పామో కనపడాలి," అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే లాయరమ్మ ఇంకో కాగితం ఇచ్చింది.

కేసు ఇంకా తేలలేదు. ప్రతి శుక్రవారం భోజనాల వేళ మాస్టారు లాయరు ఆఫీసుకు ఫోన్ చేసి, శిక్ష అమలు కాలేదు గదా, అతను ఉన్నాడా అని కనుక్కునేవారు. ఉన్నాడంటేనే ఆదివారం టిక్కు.

ఆ మొదటి బస్సు ప్రయాణం ఒక్కటి తిరిగొస్తే బాగుండును. ఆయన టై ముడి వేసుకునే లోపే కారు తెచ్చి గుమ్మం ముందు నిలిపేదాన్ని. దారి పొడుగునా "స్పీడ్ తగ్గించమ్మాయ్" అని చంపుకు తిన్నా పడి ఉండేదాన్ని.

సమాధి కార్యక్రమం గురువారం అయింది. మర్నాడు లాయరు ఆఫీసుకు ఫోన్ నేనే చేశాను. "వేర్ ఈజ్ ద టీచర్?" అనడిగింది అక్కడి అమ్మాయి. చెప్పాను. తర్వాత, నేను అడగకుండానే, "హీ ఈజ్ స్టిల్ హియర్, మేమ్. కర్టిస్ ఈజ్ స్టిల్ హియర్," అంది.

మొన్న ఆదివారం పట్టీ నా చేతికొచ్చింది. మధ్యలో మాస్టారి పెన్సిల్. శనివారం సాయంత్రాలు బ్లేడుతో చెక్కిపెట్టుకునేవారు, మొన ఇంకా సన్నగానే ఉంది. అబ్రహాం అన్నాను, ఎస్తేరు అన్నాను. కర్టిస్ అన్నాక పెన్సిల్ గడి మీదే ఆపేశాను. పిల్లలు ఎదురుచూశారు. ముందు వరసలో ఆరేళ్ల గ్రేస్ చెయ్యి ఎత్తిపట్టుకుని కుర్చీలో అటూ ఇటూ కదిలింది.

"ఆంటీ, సే 'ఉన్నాడు'. నెక్స్ట్ నా నేమ్."

"ఉన్నాడు," అన్నాను. మాస్టారి టిక్కుల వరసలో, ఆఖరు టిక్కు పక్కన, నా టిక్కు కాస్త వంకరగా పడింది.