రెండు పర్వాలేదులు

మా పిన్నికి కోపం వస్తే ముందు కళ్లద్దాలు తీసేస్తుంది. ఎదుటివాడి మొహం మసగ్గా కనిపిస్తే మొహమాటం అడ్డు రాదని ఆవిడ సిద్ధాంతం. ఆ రోజు మీటింగ్ గదిలో అడుగు పెట్టకముందే తీసేసింది. వెనకే వస్తున్న నేను, ఇవాళ ఎవరికో మూడింది అనుకున్నాను.

పిన్ని పని ఇళ్లకు వెళ్లడం. కష్టం వచ్చి తలుపులు మూసుకున్నవాళ్ల దగ్గరికి మా సంస్థ ఆవిణ్ని పంపుతుంది. అదే ఆఫీసులో నేను ఫోన్లు ఎత్తుతాను. ఇంట్లో ఆవిడ వంట తింటాను, ఆఫీసులో ఆవిడ తిట్లు తింటాను. కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఒకాయన కుడిచేతి వేళ్లు కోత మిషను కింద పోయాయి. ఇంటికొచ్చాక ఆయన వెనక గదిలో కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుండిపోయాడు. లాండ్రీలో పనిచేసే భార్య కంచం గడప దగ్గర పెట్టి పనికి పోయేది. పిన్ని మొదటిసారి వెళ్లి తలుపు కొట్టి, "ఎలా ఉన్నావు తమ్ముడూ?" అంటే లోపల్నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది.

"పర్వాలేదు."

ఆ మాటకి అర్థం, వెళ్లిపో అని. పిన్నికీ తెలిసింది గానీ, వెళ్లిపోవడం ఆవిడ ఒంట్లో లేదు. మెట్టు మీద కూర్చుని ఎండని తిట్టింది, బస్సుని తిట్టింది, తన మోకాళ్లని తిట్టింది. వారం వారం అదే వరస. ఒకరోజు మోకాళ్ల వంతు నడుస్తుండగా, "లోపలికొచ్చి కూర్చోరాదా అక్కా, వినలేక చస్తున్నా" అని గొంతు వినిపించింది. ఆ వెంటనే గడియ తీసిన చప్పుడు.

ఏడాది తిరిగేసరికి ఆయన ఎడమచేత్తో ఇస్త్రీ చేయడం నేర్చుకున్నాడు. కూతురికి జడ వంకరగా వేసి ఆ పిల్ల చేత నవ్వించుకున్నాడు. సరిగ్గా అప్పుడే, మా పని వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా లేదా అని తేల్చడానికి పైనుంచి మనుషులు దిగారు. వాళ్ల తాలూకు అమ్మాయి ఫోన్ చేసి, మీ పరిస్థితి ఎలా ఉందని ఆయన్ని అడిగింది. ఆయన చేతిలో వేడి ఇస్త్రీపెట్టె, ఎదురుగా బడికి ఆలస్యమైందని గోల పెడుతున్న కూతురు. "పర్వాలేదమ్మా" అని నవ్వుతూ ఫోన్ పెట్టేశాడట. భార్యే నాతో చెప్పింది.

వాళ్ల కొలతలో ఒకటంటే మరీ అధ్వాన్నం, ఐదంటే చాలా బాగు. పర్వాలేదు అంటే మధ్యలో మూడు. మొదటి రోజు వాళ్ల ఫారంలో పిన్ని ఎక్కించిన జవాబూ అదే మాట. ముందూ మూడే, తర్వాతా మూడే, కాబట్టి వచ్చిన మార్పు సున్నా. ఒక మనిషి గోడని వదిలి ఇటు తిరిగినందుకు సున్నా! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీటింగులో కూర్చున్న కొలతలాయన (ఆ పేరు మేం పెట్టిందే) చెడ్డవాడు కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్లం.

"మా ప్రశ్నలు చాలా నిలకడైనవండీ," అన్నాడు. "ఏడాది తేడాతో అడిగినా అదే జవాబు వచ్చింది, చూశారా?"

"మా వీధి చివర బరువు చూసే మిషనూ అంతే బాబూ. నేనెక్కినా, ఇదిగో ఈ పుల్లలాంటి పిల్ల ఎక్కినా ఒకటే బరువు. భలే నిలకడ," అంది పిన్ని.

అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. "మొదటి పర్వాలేదు తలుపేసుకుని అన్నది. రెండోది ఇస్త్రీపెట్టె పట్టుకుని అన్నది. మీరు కొలిచింది మనిషినా, మాటనా?"

ఆయన ఫైలు తిరగేశాడు. "మీరనేది నిజమే కావచ్చమ్మా. మరి మీరు రాసిందేంటి? 'వెళ్లాను, కూర్చున్నాను, వచ్చాను.' ఏడాదంతా ఇంతే. తలుపు ఎప్పుడు తీశాడు, ఇస్త్రీ ఎప్పుడు పట్టాడు, ఒక్క ముక్క లేదు. నేను దేన్ని పట్టుకుని కొలవను?"

పిన్ని ఒళ్లోని సంచి సర్దుకుంది. రాయడమంటే ఆవిడకి కుంకుడురసం తాగినంత చేదు. ఆ సందు చూసుకుని మా పెద్దమేడమ్ తీర్పు చెప్పేసింది. మార్పు రాలేదు కాబట్టి ఆయన్ని పోలిక గుంపులో వేస్తారట. అంటే ఎవరూ వెళ్లని ఇళ్లు. వెళ్లిన ఇళ్లనీ వెళ్లని ఇళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే, వెళ్లడం వల్ల ఉపయోగముందో లేదో తెలుస్తుందట.

"చలికాలం అయ్యేదాకా మీరు అటు వెళ్లకూడదు. వెళ్తే కొలత పాడవుతుంది."

"మనిషి పాడైతే?" అంది పిన్ని.

మేడమ్ తర్వాతి ఫైలు తీసింది. కొలతలాయన నోరు తెరవబోయి మూసుకున్నాడు. గుంపులు చేయాలంటే చీట్లు వేసి చేయాలి గానీ, ఇలా ఏరి అవతల పారేయకూడదని తర్వాత మెట్ల మీద నాతో గొణిగాడు. తెలిసి నోరు మూసుకున్నవాడి మీద నాకున్న కోపం, తెలియనివాళ్ల మీద లేదు. మూడు వేశారు, ఆ మనిషికి నిజంగానే మూడింది.

మాట దాటితే మిగతా ఇళ్లు కూడా తీసేసుకుంటామన్నారు. అందుకని పిన్ని పళ్లు బిగబట్టింది. ఆ వీధి మీదుగా వెళ్లే బస్సు ఎక్కడం మానేసింది. ఇంట్లో గిన్నెలకి సొట్టలు పడ్డాయి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. ఆయన భార్య. "అక్క ఎందుకు రావట్లేదమ్మా? మేమేమైనా తప్పు చేశామా? ఆయన మళ్లీ కుర్చీ గోడవైపు తిప్పేశాడు."

పక్కనే ఉన్న పిన్నికి అంతా వినబడింది. కళ్లద్దాలు తీసి సంచిలో పడేసింది. మేడమ్ గది ముందు నుంచే నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను.

తలుపు మూసి ఉంది. పిన్ని కొట్టింది. "తమ్ముడూ, నేనే. ఎలా ఉన్నావు?"

లోపల్నుంచి, "పర్వాలేదు."

ఆ మాట నేను నా చెవులతో విన్నది అప్పుడే. వాళ్ల కాగితం మీద దీనికీ మూడే పడుతుంది.

పిన్ని అరచేత్తో తలుపు మీద చరిచింది. "నీకు లేకపోతే లేకపోయింది, నాకుంది పర్వా! వింటున్నావా? నాకుంది!"

తలుపు తెరుచుకోలేదు. పిన్ని ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడి, సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది.

"కాగితం తియ్యి," అంది నాతో. "రాయి. తలుపు మూసుంది. కుర్చీ గోడవైపుంది. మేడమ్ వెళ్లొద్దన్నాక ఇలా అయిందని, ఆ ముక్క కూడా రాయి. ఇక్కణ్నుంచి మొదలు."

రాశాను. అప్పుడు ఆవిడ తలుపువైపు మొహం తిప్పి, గొంతు పెంచి, బస్సుని తిట్టడం మొదలుపెట్టింది.