వంతెన సీనులో యగోదా

పోలండ్‌లోని తోరూన్‌లో టీవీలు బాగుచేస్తూనే ముసలివాడైపోయిన బోగుమిల్ దగ్గర ఒకే ఒక్క గూఢచారి సినిమావి ఏడు కాపీలున్నాయి. కొత్త డిస్కు వచ్చినప్పుడల్లా కొంటాడు, పాతదాని పక్కన పెట్టి చూస్తాడు, నోటుపుస్తకం నిండా తిట్లు రాస్తాడు. ఒకదానిలో హీరో బూడిదరంగు కోటు నీలంగా మారిందట. ఇంకోదానిలో మంచు మరీ తెల్లగా ఉండి సబ్బు ప్రకటనలా ఉందట. అన్నిటికంటే కొత్తదానిలో శబ్దం ఐదు వైపుల నుంచి వస్తుంది. సోఫా వెనక నుంచి కారు దూసుకొచ్చిందనుకుని పక్కింటి తెయోఫిల్ ఒళ్లంతా టీ ఒలకబోసుకున్నాడు. బోగుమిల్‌కి ఇవేవీ ఆనవు.

ఆయన మెచ్చేది ఒక్కటే, ఎనభై ఏడు నాటి క్యాసెట్టు. అందులో బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది, నిజమే. కానీ గొంతు అన్న లుదోమిర్‌ది. ఇక్కడ విదేశీ సినిమా మొత్తానికి ఒక్కడిదే గొంతు. హీరో మాటా, విలన్ మాటా, ప్రియురాలి మాటా ఒకే మనిషి రైలు వేళలు చదివినట్టు చదివేస్తాడు. నటుల అసలు గొంతులు అడుగున సన్నగా గొణుగుతుంటాయి. అన్నదమ్ములిద్దరూ వంటింట్లో మైకు పెట్టుకుని ఆ పని చేశారు. మధ్యలో ఆపితే మొదటి నుంచీ మళ్లీ చదవాలి. అందుకే ఏం జరిగినా ఆపేవారు కాదు.

వంతెన సీను దగ్గర లుదోమిర్ మూడేళ్ల కూతురు బల్లమీది టీ గ్లాసు కోసం చెయ్యి చాచింది. "ఉత్తరం రేపు అందుతుంది" అన్న గూఢచారి మాట వెనకే, గొంతు మార్చకుండా, "యగోదా, ముట్టుకోకు, కాలుతుంది" అని చదివేశాడు లుదోమిర్. క్యాసెట్టు ఊరంతా తిరిగింది. ఆ యగోదా ఎవరా అని జనం ఏళ్ల తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. తెయోఫిల్ అయితే వంతెన మీది ఎర్ర టోపీ ఆవిడేనని ఇప్పటికీ ఒట్టేస్తాడు. అన్నదమ్ములు కడుపుబ్బా నవ్వుకున్నారు తప్ప నిజం బయటపెట్టలేదు. మరుసటి చలికాలం లుదోమిర్ గుండె ఆగిపోయింది. ఆ తర్వాత బోగుమిల్‌కి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

క్యాసెట్టు చేసిన ఇరవై ఏడేళ్లకి ఒక ఆదివారం యగోదా గసగసాల కేకు పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, నాన్న గొంతు నాకు గుర్తులేదు. అమ్మ దగ్గర ఫొటోలే ఉన్నాయి. నీ దగ్గరేమైనా ఉందా?"

బోగుమిల్ అలమర వైపు చూశాడు. ఉంది, కానీ క్యాసెట్టుకి బూజు పట్టింది. ఒక్కసారి ఆడితే గొప్ప. ఆ భయంతోనే పదిహేనేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు తెగిందంటే ఈ పిల్లకి ఆ మిగిలిన కాస్త తండ్రీ దక్కడు.

"దాచుకుని ఏం చేస్తావోయ్, ఊరగాయ పెడతావా?" అన్నాడు అప్పటికే సోఫాలో చేరి కేకు తింటున్న తెయోఫిల్.

ఆడుతూంటే కంప్యూటర్లోకి ఎక్కేలా తీగలు కలిపి బోగుమిల్ మీట నొక్కాడు. యగోదా కదలకుండా వింది. వంతెన వచ్చేసరికి తెరనిండా తెల్లచారలు పడ్డాయి. జన్మలో ఒక్క చారని సహించని బోగుమిల్ చెయ్యి దానంతటదే మీటల మీదికి వెళ్లింది. ముట్టుకుంటే తెగుతుందని మళ్లీ వెనక్కి లాక్కున్నాడు.

"బాబాయ్, బొమ్మ పోతోంది. ఆపి సరిచెయ్యవూ?"

"పోతే పోనీవే. నువ్వు విను."

తెర మీంచి చూపు తిప్పకుండానే యగోదా టీ గ్లాసు కోసం చెయ్యి చాచింది.

"యగోదా, ముట్టుకోకు, కాలుతుంది."

ముప్పై ఏళ్ల మనిషి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మరో నిమిషానికి క్యాసెట్టు గరగరలాడి తెగిపోయింది. బోగుమిల్ కంప్యూటర్ చూసుకున్నాడు. అంతవరకూ ఎక్కింది.

తెయోఫిల్ ఆమె వైపు తిరిగాడు. "అన్యాయంగా ఆ ఎర్ర టోపీ ఆవిణ్ణి అనుమానించానే" అన్నాడు.

యగోదా చెయ్యి ఇంకా ఒళ్లోనే పెట్టుకుని ఉంది. "నన్నే అన్నాడు కదూ, బాబాయ్?"

"నిన్నే. ఆ సినిమా మొత్తంలో అన్నయ్య సొంతంగా అన్న మాట అదొక్కటే, తల్లీ."