అవ్వను కిందికి పంపొద్దన్న మాట

మా ఆయన తాపీ పని చేసేవాడు. టీకా సూదులు మా వరకు రాకముందే కరోనాతో పోయాడు. ఆ తర్వాతే నేను బ్రూక్‌ఫీల్డ్‌లో అపార్టుమెంటులో ఉండే ఒక ముసలామెను చూసుకునే పనికి కుదిరాను. హొసకోటె నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంటాను. వాళ్ళదీ మాదీ అనంతపురం వైపే, అందుకని ఆమెను అవ్వా అంటాను.

అందరికీ సూదులు పడ్డాక కూడా అవ్వను గడప దాటనివ్వలేదు. సాయంత్రం కింద ఆడవాళ్ళు కూర్చునే చోటికి పోతానని ఆమె ఒకటే అడిగేది. ఒక ఆదివారం అన్నం దగ్గర కొడుకూ కోడలూ ఈ మాట మీదే వాదులాడుకున్నారు.

"ఇది పోయే రోగం కాదు. జలుబు మాదిరి మనతోనే ఉంటాది. సూదులేసుకున్యాం కదా, ఇంక దాంతోనే బతకల్ల," అన్నాడు కొడుకు.

"జలుబు మనకు. అత్తకు కాదు. ఇంకో రెండేండ్లు జాగ్రత్తగా ఉంటే పోయేదేముండాది?"

"రెండేండ్లా? అంతదాకా నేనుంటానని నీకెవరు చెప్పినారే?" అంది అవ్వ.

మాట తెగలేదు. కోడలు నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు కండ్లారా చూసినదానివి. నువ్వు చెప్పు."

"పంపొద్దులేమ్మా. మా ఆయన ఎట్ల పోయినాడో చూసినా," అన్నాను.

అంతే, మాట అక్కడితో తెగింది. పోయిన మనిషి పేరు చెబితే ఎవరు ఎదురాడతారు? కానీ అప్పుడు నా మనసులో ఉన్నది ఆయన కాదు. అవ్వను కిందికి తీసుకుపోవాల్సింది నేను. రేపు ఏమన్నా అయితే అడిగేది నన్ను. నా మాటలు రాసుకుంటున్నారు కదా, ఇది కూడా రాయండి, దాచొద్దు.

మర్నాడు తల దువ్వుతుంటే అవ్వ అంది: "దినామూ అంత జనంలో బస్సెక్కి వస్తాండావు. నీకు లేని బీగం నాకేమిటికే?"

అప్పటి నుంచి ఆమెకు అన్నం పెడుతుంటే నా చేతులు నావి కానట్టు ఉండేవి. చాన్నాళ్ళకు కొడుకు దగ్గరికి పోయాను.

"అప్పా, ఆ పొద్దు మా ఆయన్ను అడ్డం పెట్టుకుని చెప్పినా. భయం నాది. అవ్వను గాలాడే చోట కూర్చోబెడతా."

"ఏమన్నా అయితే?"

"అయితే నన్నే అడగండి."

కోడలు అవ్వకని ఒక మాస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు అవ్వ కింద కూర్చుని నవ్వుతుంది. లోపల పెట్టినప్పుడు తప్పు చేసినట్టుండేది. బయటికి తెచ్చినా అట్లాగే ఉంది. నిన్న ఆమె దగ్గితే పరుగున పోయి నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"మిక్చరులో కారమే. పోయి కూర్చో," అంది.

నుదురు చల్లగానే ఉంది. అయినా నాకు చెయ్యి తీయబుద్ధి కాలేదు.