సుగుణమ్మ చూపించిన నీటిచుక్క

మిర్యాలగూడలో ఊరి పెద్దలు కొందరు కమిటీగా కూడి, 1984లో రెండు గదుల్లో సైన్సు మ్యూజియం పెట్టారు. తలుపులు తెరవడానికి, ఊడవడానికి సుగుణమ్మను కుదుర్చుకున్నారు. ఏడో తరగతి చదివిన మనిషి, భర్త పోయి ఒంటరిగా ఉండేది.

సాయంత్రాలు హైస్కూల్లో పనిచేసే గోపయ్య మాస్టారు వచ్చి పిల్లలకు అన్నీ విప్పి చెప్పేవాడు. సుగుణమ్మ చీపురు పట్టుకునే వినేది. రెండేళ్లకు ఆయనకు సూర్యాపేటకు బదిలీ అయింది. ఆ చోటికి మరొకరు రాలేదు. పిల్లలు మాత్రం బడి వదలగానే వచ్చి, అద్దాల బీరువాల ముందు కాసేపు నిలబడి పోయేవాళ్లు. చూసి చూసి సుగుణమ్మ ఒకనాడు మైక్రోస్కోపు బయటికి తీసింది. గాజుపలక మీద కాలువ నీళ్లు ఒక చుక్క వేసింది.

"అక్కా, కదులుతున్నయ్!" అని అరిచింది తొమ్మిదో తరగతి నీలా.

"మనం తాగే నీళ్లే బిడ్డా గవి. కాచి తాగుమని ఊకెనే అంటరా మరి!"

మర్నాటి నుంచి పిల్లలు సీసాల్లో నీళ్లు మోసుకొచ్చారు. బావివి, బోరువి, రైసుమిల్లు గుంటవి. నీలా చూసినదల్లా నోటుబుక్కులో గీసుకునేది. ఎవరో సుగుణమ్మను 'టీచరమ్మా' అన్నారు. ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు, సంతోషంతో.

నెల తిరగకముందే ఇది కమిటీ కార్యదర్శి కంటపడింది.

"ఊడ్సేదానివి, దీన్ని ముట్టుకొమ్మని నీకెవలు చెప్పిండ్రు?"

"గోపయ్య సారు చేస్తుంటే సూసి నేర్సుకున్న సారూ."

పిల్లల ఎదుటే మైక్రోస్కోపును లోపల పెట్టించి బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సుగుణమ్మ తల ఎత్తలేదు.

కమిటీకి ఒక మాట చెప్పమని అడగడానికి ఆదివారం బస్సెక్కి సూర్యాపేట వెళ్లింది. గోపయ్య టీ ఇప్పించి, జరిగిందంతా విన్నాడు. "నా మాట గాడ ఎవరు వింటరమ్మా," అన్నాడు చివరికి.

"కొత్త సారు ఎప్పుడొస్తడక్కా?" అని నీలా వారం రోజులు అడిగింది. "వస్తడు," అనేది సుగుణమ్మ. తర్వాత నీలా రాలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానుకున్నారు.

1993లో కమిటీ చెదిరిపోయింది. గదులు బట్టల దుకాణానికి గోదాముగా మారాయి. బీరువా తెరిస్తే మైక్రోస్కోపు అద్దాలు బూజు పట్టి తెల్లగా ఉన్నాయి. "పనికిరాదు, పారెయ్," అన్నాడు కార్యదర్శి. సుగుణమ్మే మోసుకెళ్లి పాత సామాను బండిలో పెట్టింది.

దుకాణం వాళ్లు ఆమెను పనిలో ఉంచుకున్నారు. ఆ గదులే ఇంకో ఆరేళ్లు ఊడ్చింది. ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు.