పరుపు తలాపున కుట్టు

కట్టెల మోపుతో గట్టు మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాక మా అమ్మ నెలల తరబడి చాప మీదే ఉండిపోయింది. వీపంతా పుళ్లు పడ్డాయి. పంతొమ్మిది వందల ఇరవైల్లో మా అనంతగిరి కొండల్లో పరుపన్నది దొర బంగళాలో తప్ప ఎవరింట్లోనూ ఉండేది కాదు. నేను మైదానంలో మిషన్ బడిలో చదువుకుని వచ్చి, మా ప్రార్థన ఇంట్లో పిల్లలకు అక్షరాలు నేర్పుతుండేదాన్ని. మెత్తటి పరుపు లేనిదే అమ్మ వీపు మానదని సంఘంలో చెప్పాను.

బూరుగు కాయలు పగిలే కాలం. సంఘంలోని ఆడవాళ్లంతా దూది ఏరి తెచ్చారు. అందరికంటే ముందు నిలిచింది మా ప్రార్థనలకు పెద్దదిక్కయిన ముసలామె. ఊరందరికీ ఆమె పెద్దమ్మే. నాకు మోకరించడం నేర్పిన మనిషి. గింజలు తీసిన దూదిని సంతలో కొన్న ముతక గుడ్డలో కూరి, కాళ్లవైపు నేను, తలవైపు ఆమె కుట్టాం. కుట్టినంతసేపూ కీర్తనలు పాడుకున్నాం.

పరుపును ఎలా చూసుకోవాలో బడిలో నేర్పారు. పొద్దున మంచు విడిచాక బండ మీద చాప పరిచి, దాని మీద ఎండబెట్టేదాన్ని. ఎండ వాలకముందే లోపలికి తేవాలి, ఆలస్యమైతే తేమ లాగేస్తుంది. బెత్తంతో మెల్లగా తట్టి, ఉండకట్టిన దూదిని పైనుంచే వేళ్లతో విడదీసేదాన్ని. బూరుగు దూది తడిస్తే మళ్లీ పొంగదు. అందుకే ముసురు రోజుల్లో నిప్పుల మీద వావిలాకు వేసి పొగ పట్టేదాన్ని. ఒక్క పని మాత్రం అమ్మ చెయ్యనిచ్చేది కాదు. దూది ఒకేచోట అణగిపోకుండా తలవైపు కాళ్లవైపుకు మార్చి వెయ్యబోతే, "తలాపు మార్సకే" అని గోల పెట్టేది. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

పుళ్లు ఆరాయి. అమ్మ గోడ పట్టుకుని నిలబడింది. దేవుడు చేసిన మేలుకు నెలాఖరు ఆరాధనలో నువ్వే సాక్ష్యం చెప్పాలన్నారు మా సంఘాన్ని నడిపే ఉపదేశి.

ఆ వారంలోనే, ఎండలో పరుపు తడుతుంటే తలాపున అణగిన దూదిలో బెత్తానికి గట్టిగా ఏదో తగిలింది. ఎలుక దూరిందేమోనని కుట్టు విప్పాను. గుడ్డ మూట. అందులో పసుపు బియ్యం, నల్లకోడి ఈక.

మా కొండల్లో కొత్త కంది గానీ కొత్త మామిడి గానీ దేవతకు పెట్టకుండా ఎవరూ నోట పెట్టరు. మేము అవన్నీ విడిచి బాప్తిస్మం తీసుకున్నవాళ్లం.

"ఇదేటమ్మా?"

"ఏటుంది, కొండమ్మ వాటా. బూరుగు సెట్టు ఆవిడది కాదేటి? కొత్త దూది మీద ఊరికే పడుకుంతారా?"

"మరి మనం ప్రార్థించింది ఎవరికి?"

"యేసయ్యకే. ఆయన పెద్దోడు గుంటా, ఇంతమాత్రానికి కోపం తెచ్చుకోడు. కొండమ్మ అలాక్కాదు, తగువులమారి."

"పెద్దమ్మకు తెలుసా?"

"మూట కట్టిందే అది. నీకు సెప్పొద్దంది. బడికెళ్లొచ్చిన గుంట, గోల సేత్తాదని."

నా పక్కన మోకరించి, నా చెయ్యి పట్టుకుని కన్నీళ్లతో ప్రార్థించిన మనిషి, ఆ చేత్తోనే దీన్ని కుట్టింది. కన్నతల్లి తెలిసి దాని మీద తల పెట్టుకుంది. మూటను పొయ్యిలో పడేశాను.

అమ్మ నన్ను తిట్టలేదు. మెల్లగా చాప మీదికి జారింది. "ఆ పరుపు నువ్వే ఎక్కి పడుకో" అంది. ఎంత బతిమాలినా ఎక్కలేదు. ఎవరూ పడుకోని పరుపును రోజూ ఎండబెట్టి తెచ్చి వేశాను. వారం తిరక్కముందే ఆమె వీపు మళ్లీ రసి కారింది.

ఒకరోజు బడి వదిలి వచ్చేసరికి అమ్మ పరుపు మీద హాయిగా నిద్రపోతోంది. పక్కన పెద్దమ్మ విసనకర్రతో విసురుతోంది. తలాపున నల్లదారంతో కొత్త కుట్టు.

"ఏటలా సూత్తన్నావు? బేగి ఒచ్చి మీ యమ్మకి కాళ్లు పట్టు" అంది, ఏమీ జరగనట్టు.

ఆ కుట్టు నేను విప్పలేదు. అమ్మ వీపు మళ్లీ ఆరడం మొదలైంది. ఉపదేశికి చెబితే ఇద్దరినీ సంఘంలోంచి వెలివేస్తారు. చెప్పలేదు.

నెలాఖరు ఆరాధనలో ఉపదేశి నన్ను సాక్ష్యానికి పిలిచారు. లేవలేకపోయాను. నా బదులు పెద్దమ్మ లేచింది. ప్రభువు తన సహోదరిని పడక మీంచి లేపాడని చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కన్నీళ్లు దొంగవైతే ఆమెను ఏనాడో క్షమించేదాన్ని. అవి నిజమైనవే.