బడికి మార్కులేసిన వంట మామ్మ

మా బడి వంట మామ్మ పోయింది. మొన్న గురువారం ఉదయం తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు దిగి, నా ఇప్పటి బడికి వెళ్ళే ఆటో కోసం నిలబడి ఉంటే ఫోన్లో ఆమె ఫొటో వచ్చింది. ప్రభువునందు నిద్రించారనీ, సాయంత్రం భూస్థాపన అనీ వాళ్ళ ఊరి చర్చి పెద్ద పంపిన కబురు. ఆ ఫొటో నేను తీసిందే. రోజూ పిల్లల భోజనం ఫొటో తీసి పైకి పంపడం నా డ్యూటీల్లో ఒకటి. ఆ రోజు గుడ్ల గిన్నెకు మామ్మ అడ్డం వచ్చింది. చేతిలో గరిటె, మొహం మీద కొంచెం కోపం. ఆమెకు వేరే ఫొటో ఉన్నట్టు లేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. మంచే రాస్తాను. అందులో నా గురించి మంచి ఏమీ రాకపోతే అది ఆమె తప్పు కాదు.

ఏలూరు నుంచి పెదపాడు మీదుగా కొల్లేటి వైపు పోతే, రోడ్డు దాదాపు అయిపోయే చోట, చుట్టూ చేపల చెరువులున్న చిన్న ఊరు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఏడేళ్ళు పనిచేశాను. చేరినప్పుడు ఇద్దరం టీచర్లం. రెండో ఆమెను బదిలీ చేశాక ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే మిగిలాను. పిల్లలు ఇరవై రెండు మంది. వాళ్ళలో సగం మంది అమ్మానాన్నలు చెరువుల మీద కాపలాకి, మేత వెయ్యడానికి పోయేవాళ్ళు. పని దొరికినప్పుడు పిల్లల్ని కూడా తీసుకుని గట్టు మీద మకాం పెట్టేవాళ్ళు, పని అయిపోయాక తెచ్చి మళ్ళీ నా ముందు కూర్చోబెట్టేవాళ్ళు.

మామ్మ నాకంటే ముందు నుంచీ ఆ బడిలో వంట చేస్తోంది. చదువు రాదు. బస్సు బోర్డు చదవలేక డ్రైవరు మొహం చూసి ఎక్కేది. అయితే పిల్లల సంగతి ఆమెకు తెలిసినంతగా నా హాజరు పట్టీకి తెలియదు. ఒక పిల్లవాడు రెండోసారి అన్నం పెట్టించుకుంటే, వాళ్ళింట్లో రాత్రి గొడవ జరిగిందని చెప్పేది. అడిగి చూస్తే నిజమే అయ్యేది. ఎవరి పళ్ళెంలో కరివేపాకు ఉంటుందో, ఎవరు గుడ్డు సగం తిని మిగతా సగం చెల్లికి జేబులో పెట్టుకుంటారో అన్నీ తెలుసు. జేబు పిల్లవాడికి రెండో గుడ్డు ఇచ్చేసి, "ఇది నీకు, అది దానికి. జేబులో పెట్టకు, చొక్కా పాడవుద్ది" అనేది. ఆ రెండో గుడ్డు లెక్కలో ఎక్కడినుంచి వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. ఆ బడిలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

నన్ను కూడా అలాగే కనిపెట్టుకుని ఉండేది. బస్సు దిగి, పది నిమిషాలు ఎండలో నడిచి, చెమటలు కక్కుతూ వస్తే ముందు గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి, తర్వాతే మాట్లాడేది. మా అత్తగారు ఆస్పత్రిలో ఉన్న నెల రోజులూ నాకు క్యారేజీ కట్టుకోనివ్వలేదు. "మీరూ పిల్లల్తో కూచోండి, టీచరుగారండీ. ఇరవై రెండు మందికి వండినదాన్ని, ఇరవై మూడో మనిషికి వండలేనా" అంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. వంటషెడ్డు గోడ మీద ఏ రోజు ఏం వండాలో పెయింటరు చేత రాయిస్తారు కదా. మధ్యాహ్నం పిల్లలు వరసగా కూర్చున్నాక, మొదటి గరిటె వెయ్యకుండా ఆగి, ఎవరో ఒకర్ని లేపి ఆ రోజు వరస చదవమనేది. ఆ పిల్ల "మంగళవారం, పులిహోర, టమాటా పచ్చడి, గుడ్డు" అని గట్టిగా చదివితే, మూత తీసి పులిహోర చూపించేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. గోడ చెప్పిందే వండానని అందరికీ తెలియాలి కదా అని ఆమె వాదన. నాకు ముచ్చటగా ఉండేది. ఒకసారి వీడియో కూడా తీసి గ్రూపులో పెట్టాను.

ఆమె మనవరాలు అప్పుడు నాలుగో తరగతి. తల్లి లేదు, తండ్రి ఉండి వైపు చెరువుల్లో పనికి పోయి పండక్కో పబ్బానికో వచ్చేవాడు. పిల్ల మామ్మ దగ్గరే పెరిగింది. ఏదైనా ఒకసారి వింటే పట్టేసే రకం. ఆ పిల్లను చదివించి నాలాగా టీచర్ని చెయ్యాలని మామ్మ కోరిక. నాలాగా అని ఆమె అన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే ఒంటికి కారం రాసినట్టుంటుంది.

ఆ ఏడు బడుల నాణ్యత పరిశీలించడానికి కారులో ముగ్గురు అధికారులు వచ్చారు. కొత్త బెంచీలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, మంచినీళ్ళ మెషీను, గోడల మీద బొమ్మలు, అన్నీ చూశారు, అన్నిటికీ ఫోన్లో టిక్కులు పెట్టుకున్నారు. చివర్లో ఎవరైనా పిల్లల్ని చదివించమన్నారు. ఎవర్ని లేపాలో నాకు తెలుసు, ఏ పాఠం తియ్యాలో కూడా తెలుసు. నెల రోజుల నుంచి ఆ పాఠమే చెబుతున్నాను. మనవరాలు లేచి, గుక్క తిప్పుకోకుండా పేజీన్నర చదివింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలాడించారు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మామ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా బడికి మొదటి గ్రేడు వచ్చింది. ఆ సాయంత్రం మామ్మ ఊరంతా చెప్పుకుంది.

తర్వాత పదిహేను రోజులకు భోజనాల పట్టీ మారింది. ఆదివారం నాడు పెయింటరు వచ్చి పాత గోడకు సున్నం కొట్టి కొత్త పట్టీ రాసి వెళ్ళాడు. మంగళవారం పులిహోర పోయి సాంబారన్నం వచ్చింది. మారిన సంగతి నేను మామ్మకు నోటితో చెప్పాను, ఆమె అలాగే వండింది. మధ్యాహ్నం మనవరాల్నే లేపింది. ఆ పిల్ల కొత్త గోడ ముందు నిటారుగా నిలబడి, అదే గొంతుతో, "మంగళవారం, పులిహోర, టమాటా పచ్చడి, గుడ్డు" అని చదివింది.

మామ్మ మూత తీసింది. సాంబారు వాసన. పిల్లలు నవ్వారు. మనవరాలు కూడా నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదని తర్వాత ఐదో తరగతి పిల్లలు చెప్పారు. నేను అక్కడే ఉన్నాను గానీ చూడలేదు. మరుగుదొడ్డి ఫొటో అప్‌లోడ్ అవ్వక ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం వరండా చివర నిలబడి ఉన్నాను.

బుధవారం ఇంకొకర్ని లేపింది. గురువారం ఇద్దర్ని. పక్కకు పిలిచి కూడా కొందర్ని అడిగిందట. ఏమీ అనలేదు, ఎవర్నీ తిట్టలేదు, అందరికీ అన్నం ఎప్పటిలాగే పెట్టింది. శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పిల్లలకి చదువు రాదండి" అంది. "నాకు రాదు కాబట్టి ఇన్నాళ్ళూ తెలవలేదు. ముగ్గురు చదివారు. మిగతావాళ్ళంతా పాత గోడే చదివారండి."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పిన మనిషి మీద వచ్చే కోపం వేరుగా ఉంటుంది. ఐదు తరగతులు ఒక్కదాన్ని ఎలా చెప్పాలన్నాను. ఉదయం పదిన్నర దాకా హాజరు, గుడ్లు, నీళ్ళు, దొడ్లు ఫోన్లో ఎక్కించడంతోనే సరిపోతోందన్నాను. గట్టు మీద మకాం పెట్టి మూడు నెలలకు తిరిగొచ్చే పిల్లలకు ఏ పాఠం చెప్పాలో మీరే చెప్పండన్నాను. ఇవన్నీ అబద్ధాలు కావు. ఆమె అన్నిటికీ "మరేనండి" అంటూ తలూపింది.

సోమవారం నుంచి మనవరాలు బడికి రాదనీ, వ్యాను వచ్చే ప్రైవేటు బడిలో వేస్తున్నాననీ చెప్పింది. ఆ పిల్లతో మొదలుపెట్టి నలుగురు మానేస్తే అంకె పడిపోతుందనీ, పడిపోతే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారనీ, అప్పుడు వంటా ఉండదనీ అన్నాను. బెదిరించాననే చెప్పాలి.

"తెలుసండి" అంది. నెమ్మదిగా అడిగింది. "మీ బాబుని ఏలూరులో ప్రైవేటు బళ్ళో వేశారు కదండి. మీరు బళ్ళు తెలిసిన మనిషి, చూసే వేసుంటారు. నేను ఇప్పుడు చూశానండి, అంతే."

ఎన్నో బృందాలొచ్చి మా బడిని కొలిచాయి. జవాబు తప్పించుకోలేని ప్రశ్న ఆమె ఒక్కతే అడిగింది. అదీ తన పొట్ట తానే కొట్టుకుంటూ అడిగింది.

వంటమ్మే తన మనవరాల్ని తీసేసిందంటే ఊళ్ళో ఎవరాగుతారు? ఆ తర్వాతి జూన్ నాటికి పదకొండు మంది మిగిలారు. బడి పక్క ఊళ్ళో కలిసిపోయింది. బెంచీలు ట్రాక్టరులో వెళ్ళాయి. నన్ను తాడేపల్లిగూడెం వైపు వేశారు. మామ్మ రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పనికి కుదిరింది, ఐసులో నానీ నానీ వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. మొదటి గ్రేడు బడిలో ఇప్పుడు ఎవరివో చేపల మేత బస్తాలు ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో తెలియదు. పక్క ఊరికి నడవలేని చిన్నపిల్లలు ఎక్కడికీ పోవడం లేదని మాత్రం తెలుసు.

ఏడాది తిరక్కుండానే మామ్మ మనవరాల్ని తీసుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చింది. సంచిలో కొల్లేటి కొర్రమీను. కుశల ప్రశ్నలయ్యాక, "అక్కడా అంతేనండి" అంది. "ఇక్కడ తెలుగులో అప్పజెప్పేది, అక్కడ ఇంగ్లీషులో అప్పజెబుతోంది. టై కట్టారు." నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టమైంది. ఈ పిల్లకు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పితే చాలు, మిగతాది అదే చదువుకుంటుంది, ఆదివారాలు పంపుతానంది. నేను సరేనన్నాను.

ఆరు ఆదివారాలు వచ్చింది ఆ పిల్ల. నేర్పొచ్చు. నేర్పగలనని రెండో ఆదివారానికే నాకు అర్థమైంది. గుణింతాలు దాటి చిన్న మాటలకు వచ్చాం. ఏడో ఆదివారం నాకు ట్రైనింగు పడింది. తర్వాత మా వాడికి పరీక్షలు. తర్వాత వానలు. మామ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. "తీరికైనప్పుడే చెప్పండి, తొందరేం లేదండి" అంది రెండోసారి. మూడోసారి చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. చెయ్యకపోవడానికి కారణాలు ఏవైనా ఉన్నాయా అని వెతికాను, లేవు.

భూస్థాపనకు అందుకోలేకపోయాను. ఆదివారం, ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, నేను తీసిన ఆ ఫొటోనే పెద్దదిగా ఫ్లెక్సీ మీద. నాకు చదువు చెప్పిన మేడం అంటూ ఒకరిద్దరు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మూడు రోజుల జ్వరం తప్ప పెద్ద జబ్బేమీ లేదనీ, చివరి రోజు కూడా పని మానేసినందుకు షెడ్డువాళ్ళు ఏమంటారోనని బెంగపడిందనీ చెప్పారు.

మనవరాలు పొడుగయ్యింది. ఇప్పుడు ఏడో తరగతి. పాటలయ్యాక పాస్టరు గారు మామ్మకు ఇష్టమైన కీర్తన మనవరాలు చదువుతుందని చెప్పి బైబిలు చేతికిచ్చారు. ఆ పిల్ల లేచి, పుస్తకం తెరిచి, వరస మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. గొంతు ఎక్కడా వణకలేదు, ఒక్క మాట తడబడలేదు. కుర్చీల్లో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

నేనూ ఆ పుస్తకంతోనే పెరిగినదాన్ని. ఆ కీర్తన ఎక్కడుంటుందో నాకు తెలుసు, పుస్తకం సరిగ్గా సగానికి విప్పాలి. ఆ పిల్ల తెరిచి పట్టుకున్నది ఆఖరి పేజీలు. కళ్ళు ఎదురుగా ఎక్కడో ఉన్నాయి. వేలు మాత్రం ఆగకుండా కదులుతోంది. అక్కడున్న అంతమందిలో ఆ సంగతి కనిపెట్టగలిగిన రెండో మనిషి ఫ్లెక్సీ మీద ఉంది.

కీర్తన అయిపోయింది. అందరూ ఆమేన్ అన్నారు, నేను కూడా అన్నాను. చక్కగా చదివావమ్మా అన్నారు పాస్టరు గారు. ఎక్కడ ఆపాలో తెలియక, ఆ పిల్ల వేలు ఆ పేజీ మీద ఇంకో రెండు వరసలు అలాగే జరుగుతూ పోయింది.