తాతయ్య శిస్తు రసీదులు

నా చిన్నప్పుడు, హుకుంపేట అవతల కొండల్లో ఉన్న మా ఊళ్లో, కాగితాలున్న ఇల్లు మాదొక్కటే. పుస్తకాలు కావు, శిస్తు రసీదులు. గెడ్డ వాగు వారన మాకున్న వరి మడులకు మా తాతయ్య ఏటా శిస్తు కట్టేవాడు. చదువు రాదు, వేలిముద్రే. అయినా రసీదు చేతికొచ్చేదాకా గుమస్తా ముందు నుంచి లేచేవాడు కాదట. దాన్ని ఇంటికి తెచ్చి, చుట్టగా చుట్టి, ఒక వెదురు గొట్టంలో దోపి మూత బిగించి, తన మంచం పైన దూలానికి వేలాడదీసేవాడు. ఆ గొట్టం జోలికి మమ్మల్ని పోనిచ్చేవాడు కాదు. ఒకసారి పోయి వీపు మీద ఒకటి తిన్నాను కూడా.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. పోయిన మనిషి రోజూ వాడుకున్న వస్తువుల్ని ఆ మనిషితోనే పంపేస్తాం. బుట్టలో సర్ది కాటి దగ్గర పెట్టి వస్తాం. ఒకసారి అక్కడ పెట్టిన దాన్ని ఎవరూ వెనక్కి తేకూడదు, తెస్తే ఆ మనిషి దాని వెంటే ఇంటికి వస్తాడని భయం. తాతయ్య గొడ్డలి, గొడుగు, దుప్పటి, అంబలి తాగే ఆనపకాయ బుర్ర అన్నీ సర్దారు. మా నాన్న ఆ గొట్టాన్ని కూడా దింపి బుట్టలో పెట్టాడు. తాతయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వని వస్తువు తాతయ్యది కాకపోతే ఇంకెవరిది? ఏడుపుల్లో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

వానలు వెళ్లాయి. చలి మొదలయ్యేసరికి, భూములు కొలిచి పట్టాలు రాసే ఆఫీసరు పక్క ఊళ్లో దిగాడు. మైదానం నుంచి వచ్చి సంతలో ఉప్పూ బట్టలూ అమ్మే ఒక షావుకారు ఆయన దగ్గరికి మా కంటే ముందే వెళ్లాడు. ముసలాయన బతికుండగానే ఆ మడులు తనకు వదిలేశాడనీ, ఇన్నాళ్లూ శిస్తు కట్టింది తనేననీ చెప్పాడు. ఆఫీసరు మా నాన్నను పిలిపించి ఒకటే అడిగాడట. శిస్తు మీరే కట్టి ఉంటే రసీదులుండాలి కదా, రేపు పొద్దున పట్టుకురా అన్నాడట.

నాన్న ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నీళ్లిస్తే తాగలేదు. కాటి దాకా వెళ్లాలంటే ఆచారం అడ్డం. తెగించి వెళ్లినా, ఇన్ని వానలకు తడిసిన గొట్టంలో ఏం మిగిలి ఉంటుంది? ఆ మడులు పోతే మాకు కొండ వాలు మీది చోళ్లు, అంటే రాగులు, తప్ప తిండిగింజ లేదు. మా అమ్మ ఒక మూల నిలబడి ఏడుస్తోంది.

అడ్డాకులు కోయడానికి వెళ్లిన మా నానమ్మ అప్పుడే వచ్చింది. మోపు దించి, ఏటయిందని అడిగింది. నాన్న చెప్పాడు. ఆమె లోపలికెళ్లి, చోళ్ల గాదెలో భుజం దాకా చెయ్యి పెట్టి, ఆకులతో కట్టిన పొట్లం ఒకటి లాగింది. విప్పితే రసీదులు. చుట్టలు చుట్టలుగా, ఒక్కటీ చెడకుండా ఉన్నాయి.

"గొట్టం ఆయనది, పంపీసినాను. కాయితాలు బూమివి. బూమి ఇక్కడుంటే కాయితాలు అక్కడేటి సేత్తాయి?" అంది.

మరి గొట్టంలో ఏముందని నాన్న అడిగాడు. బరువు తేడా తెలియకుండా నిండా పొగాకు కూరిందట. పోయినవాణ్ని మోసం చేశామేమోనని నాన్న ముఖం మళ్లీ మాడింది.

"మోసమేటిరా, ఆయన సెవిలో సెప్పే తీసినాను" అంది నానమ్మ.

ఇన్ని నెలలు మాకెందుకు చెప్పలేదంటే, మీరడిగితే కదా అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నాన్న ఆ రసీదులు ఒళ్లో పెట్టుకుని నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. చదువు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి నాచేత ఒక్కొక్కటీ చదివించాడు. ప్రతి దాని మీదా మా తాతయ్య పేరే. ఆ పేరు రాసి ఉండగా చూడడం నాకదే మొదలు.

మర్నాడు ఆఫీసరు రసీదులన్నీ తిరగేసి, మడులు మా నాన్న పేరున రాసుకున్నాడు. షావుకారు ఏదో గొణుక్కుంటూ సంత దారి పట్టాడు. తిరిగి వస్తుంటే, అంత పెద్ద ఆడగుంటనని కూడా చూడకుండా నాన్న నన్ను భుజానికెత్తుకున్నాడు. గుండెల మీది బండ దించినట్టు ఎంత హాయిగా ఉందో ఆ నడక.

మా నానమ్మ తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. కానీ ఒక్క విషయంలో ఆమె మీద నాకు కోపమే. ఆ చలిలో ఆమెకే జ్వరమొచ్చి పోయి ఉంటే? గాదెలో కాగితాలు ఎలుకల పాలు, మడులు షావుకారు పాలు అయ్యేవి. కాగితం దాచడం సగం పనే. అదెక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పడం మిగతా సగం.

మా అమ్మాయి అరకులో కాఫీ పొడి దుకాణం నడుపుతోంది. జీఎస్టీ బిల్లులూ, ఏటా వేసే పన్ను రిటర్నూ, బ్యాంకు లెక్కలూ ఎక్కడున్నాయే అని అడిగితే, అన్నీ ఫోన్లో ఉన్నాయమ్మా అని నవ్వింది. ఆ ఫోను తెరవడం నీ మొగుడికి తెలుసా అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఆ వారంలోనే అతనికి అన్నీ చూపించి, ముఖ్యమైనవి ప్రింటు తీయించి, బ్యాంకులో నామినీగా అతని పేరు రాయించింది.

మొన్న నేనూ నా సామాను రెండు కుప్పలు పోసి ఆమెను పిలిచాను. నా దుప్పటి, చేతికర్ర, చుట్టల డబ్బా నాతో పంపమన్నాను. పట్టా, బ్యాంకు పుస్తకం, బీమా బాండు మాత్రం ఉంచుకోమన్నాను. అలాంటి మాటలు మాట్లాడొద్దని నా బిడ్డ ఏడ్చింది. ఏడుస్తూనే ఏది ఎక్కడుందో చూసుకుంది. నాకు ప్రాణం తేలికపడింది.